పన్నెండో నది

నవంబర్ 14, 2021. ఆదివారం

సర్దడం మొదలుపెట్టిన. విమానానికి ఇంకా ఏడు రోజులు. లేహ్‌లో చలి సున్నాకు పది డిగ్రీల కిందికి పోతదని టూర్ నడిపే గుండయ్య ఫోన్‌లో చెప్పిండు.

నల్ల నువ్వులు పావు కిలో. బియ్యప్పిండి అర కిలో. దర్భలు ఒక కట్ట. తేనె చిన్న సీసా. మరిది రవీందర్‌కు కొత్త పంచె. స్వెట్టర్లు రెండేసి, మంకీ టోపీలు. కరోనా అప్పుడు కొన్న ఆక్సిజన్ మెషీన్, వేలికి పెట్టేది. అన్నిటికీ చీటీలు అంటించిన.

మెడలోని పుస్తెలు తీసి పెట్టడానికి చిన్న స్టీలు డబ్బా. రెండు పుస్తెలు పడతయా అని మెడకు ఆనించి చూసిన. పుట్టింటిది కొంచెం పెద్దది, అత్తింటిది చిన్నది. పడతయి. ఆ డబ్బాకు చీటీ అంటించలేదు.

నాకు బాధ లేదు. పన్నెండేళ్ళు చాలు.

నవంబర్ 15, సోమవారం

వర్షిత అడిగింది, "ఇన్ని నదులు తిరిగినవు, ఏమన్న గుర్తున్నదా అమ్మా?" అని. గుర్తుకేం, అన్నీ రాసే ఉన్నయి. పాత డైరీల నుంచి ఒకచోటికి ఎక్కించిన.

2010 ప్రాణహిత, 3 మునకలు. 2011 గంగ, 3. 2012 నర్మద, 3. 2013 సరస్వతి, 3. 2014 యమున, 3. 2015 గోదావరి, 3. 2016 కృష్ణ, 3. 2017 కావేరి, 3. 2018 భీమ, 3. 2019 బ్రహ్మపుత్ర, 3. 2020 తుంగభద్ర, 3 (కరోనా వల్ల చెంబుతో). 2021 సింధు.

ఒక్కో నదికి ఒక్కో ఏడు. ఆయన 2009 జూలై 21న, గ్రహణం ముందు రోజు, పాలు పోసొస్తనని స్కూటర్ మీద పోయిండు. రాలేదు. స్కూటర్ ఇమ్లీబన్ బస్టాండ్ పార్కింగ్‌లో దొరికింది. పాల డబ్బాలు కడిగి బోర్లించి ఉన్నయి. పోలీసు రాసుకుంటూ "డబ్బాలు గూడ కడిగిండా" అన్నడు. ఆయన అట్లనే, శుభ్రం మనిషి అని చెప్పిన.

అత్తమ్మ అప్పుడే చెప్పింది. "పన్నెండు పుష్కరాలల్ల మునుగు బిడ్డా, వస్తడు. రాకపోతే పన్నెండో దాంట్ల రవితోని కర్మ చేయించు." ఆమె పోయి కూడా రెండేళ్ళయింది. మాట మాటే.

నవంబర్ 17, బుధవారం

రవీందర్ పైవాటా నుంచి దిగి వచ్చిండు. ఆయన తమ్ముడు, ఛత్రినాకలో మా పాల సెంటర్ ఇప్పుడు అతనే నడుపుతున్నడు. పదకొండు నదులకూ నా సంచీ మోసింది అతనే. ఒక్కసారి విసుక్కోలేదు.

"వదినా, ఆడ గాలి ఉండదంట. నాకేమో బీపీ. వచ్చే ఏప్రిల్‌ల మళ్ళ ప్రాణహిత వస్తది. కాళేశ్వరం దగ్గర్నే. ఆడ చేద్దాం."

"అది పదమూడోది అయితది."

"అయితే ఏంది?"

"అత్తమ్మ పన్నెండన్నది రవీ."

చాయ్ సగం వదిలేసి పోయిండు. పాపం, అన్నకు కర్మ చేయాలంటే ఏ తమ్ముడికైనా కష్టమే.

నవంబర్ 20, శనివారం

ఎదురింటి కొమురమ్మ వచ్చి మంచి మాటలే చెప్పింది. "ఒడ్డునే తీసెయ్యి యశోదా. బొట్టూ, మట్టెలూ, పుస్తెలూ. ఇంటికొచ్చి తీస్తే నలుగురు చేరి లొల్లి." నాకూ అదే సరి అనిపించింది.

నవంబర్ 22, సోమవారం. లేహ్

నిన్న ఢిల్లీలో ఆగి, పొద్దున్నే ఇక్కడ దిగినం. నాకిది రెండో విమానం. కిటికీలోంచి కొండలు. చెట్టు లేదు, గడ్డి లేదు. పసుపు కొమ్ముల రంగు, పాత రాగి చెంబు రంగు, బూడిద. ఇంత ఎత్తులో ఎడారి ఉంటదని ఎవరూ చెప్పలేదు.

నాతో గదిలో ఉన్నది సుగుణమ్మ, గౌలిపురాలో టీచర్ చేసి రిటైర్ అయింది. కిటికీ దగ్గర నిలబడి, "ఒక్క కొండకన్న వెంట్రుక లేదు చూడు పిల్లా. అందరు తిరుపతి పోయొచ్చినట్టున్నరు" అన్నది. నవ్వితే ఆయాసం వచ్చింది. ఇద్దరం మంచాల మీద పడ్డం.

ఇవాళ కదలొద్దన్నరు. మధ్యాహ్నం రెండుకు ఆక్సిజన్: నాది 86, సుగుణమ్మది 84, రవీందర్‌ది 92. సాయంత్రం ఆరుకు: 88, 85, 93.

రవీందర్ ఊపిరి ఆడట్లేదని గోడకు ఆనుకొని కూర్చున్నడు. అందరికన్నా అతనిదే ఎక్కువ చూపిస్తున్నది. బ్యాటరీలు మార్చి, వేరే వేలికి పెట్టి చూసిన. 93. మెషీన్ తప్పు చూపిస్తున్నట్టుంది.

నవంబర్ 23, మంగళవారం

రవీందర్‌ది 94. అన్నం తినలేదు.

మన ప్రీపెయిడ్ ఫోన్లు ఇక్కడ పని చేయవు. గుండయ్య ఫోన్ ఒక్కటే పని చేస్తది. రవీందర్ దాన్ని అడిగి తీసుకొని హోటల్ వెనక గోడ దగ్గర పదిహేడు నిమిషాలు మాట్లాడిండు. నేను ఉతికిన మఫ్లర్ ఆరేయడానికి పోయిన. అతని వీపు ఇటే ఉంది. "నేనేం చెయ్యాల్నో నువ్వే చెప్పు. రేపు పొద్దున పేరు చెప్పాలె ఆడ" అంటున్నడు.

కర్మ సంగతి పంతులును అడుగుతున్నట్టుంది అనుకున్న. పంతులు మాతోనే వచ్చిండు, రవీందర్ పక్క గదిలోనే ఉన్నడు.

నవంబర్ 24, బుధవారం

ఆయన బతికే ఉన్నడు.

నవంబర్ 25, గురువారం

నిన్న ఒక్క మాట కన్నా రాయలేకపోయిన. ఇవాళ వరుసగా రాస్తున్న. వరుసగా రాస్తే నిజమో కాదో తెలుస్తది.

ఎనిమిదింటికి రెండు వ్యాన్లలో బయలుదేరినం. డ్రైవర్ అక్కడి మనిషే. "ఆంటీజీ, నీచే మత్ దేఖో, సామ్నే దేఖో" అన్నడు. అయినా కిందికే చూసిన. రోడ్డు పక్కన నేల పగిలి లోయ అయింది. రెండు వైపులా నిలువు రాతి గోడలు, పొరలు పొరలుగా, అట్టు మీద అట్టు పెట్టినట్టు. ఆ అడుగున నది. జంస్కార్ అనే నది అటువైపు లోయలోంచి వచ్చి సింధులో కలుస్తది. ఆ సంగమం ఒడ్డునే మా కర్మ.

కిందికి దిగినం. గులకరాళ్ళ ఒడ్డు. నీళ్ళ అంచున అద్దం ముక్కల్లా మంచు. గుండయ్య అరుస్తున్నడు, "ఎవ్వరు మునగొద్దమ్మా! నెత్తిన చల్లుకోండ్రి చాలు. ఇక్కడ పోతే మీకు కూడ నేనే పిండం పెట్టాలె!" అందరూ నవ్విన్రు. నేనూ నవ్విన. అది గుర్తున్నది.

పిండి నేనే కలిపిన. చలికి వేళ్ళకు తెలివి లేదు. మూడు ముద్దలు చేసి ఆకులో పెట్టిన. రవీందర్ కొత్త పంచె స్వెట్టర్ మీదికి కట్టుకున్నడు. పంతులు దర్భ ఉంగరం తొడిగిండు. స్టీలు డబ్బా నా ఒళ్ళో ఉంది.

పంతులు గోత్రం అడిగిండు. రవీందర్ చెప్పిండు. "పోయినవారి పేరు?"

రవీందర్ నోరు తెరిచి నా వైపు చూసిండు. పంతులు మళ్ళా అడిగిండు. "చలికి నాలుక తిరుగుతలేదా నాయనా? అమ్మా, మీరన్న చెప్పుండ్రి."

భర్త పేరు నేను ఎప్పుడూ పలకలేదు. పలకబోయిన. అప్పుడు రవీందర్ దర్భ ఉంగరం పీకి రాళ్ళ మీద పడేసిండు.

"చెప్పకు వదినా. నీ కాళ్ళు మొక్కుత, చెప్పకు. అన్న బతికే ఉన్నడు."

పంతులు కూర్చున్నవాడు లేచి రెండడుగులు వెనక్కి పోయిండు. "బతికున్నోనికా? శివ శివా. బతికున్నోనికి పిండం పెట్టిస్తరా నాతోని?"

నాకు ఏం వినపడలేదు. నీళ్ళ చప్పుడు కూడా ఆగిపోయింది. రవీందర్ పెదవులు కదులుతున్నయి. నేను అడిగిన మాట ఒకటే గుర్తున్నది. "ఎక్కడ?"

"పండరీపురంల. పాల కొట్టు నడుపుతున్నడు. ఆడ ఒకామె ఉన్నది. ఇద్దరు ఆడపిల్లలు."

పంతులుకు అవతల ఇంకా నలుగురివి చేయించాలి. "కలిపిన పిండం పారేయొద్దమ్మా. ఇంట్ల పోయినవాళ్ళు ఇంకెవరన్న ఉంటే పేరు చెప్పుండ్రి, చేయిస్త" అన్నడు, మెల్లగానే.

నేనే అన్న. "అత్తమ్మ పేరు చెప్పు రవీ. ఆండాలు. ఆమె పోయింది మాత్రం నిజమే కదా."

అప్పుడు రవీందర్ రాళ్ళ మీద కూలబడి, తల కొట్టుకున్నడు. "అమ్మకు తెలుసు వదినా. అన్న ముందుగాల ఫోన్ చేసింది అమ్మకే. ఎనిమిదేండ్ల కింద, బోనాల ముందటి గురువారం. నా చెయ్యి తన నెత్తిన పెట్టించుకొని ఒట్టేయించుకున్నది."

"ఎందుకు?"

"నీకు తెలిస్తే పాపను తీసుకొని మీ అమ్మోళ్ళింటికి పోతవని. అప్పటికే ఆమెకు కాళ్ళు పడిపోయినయి కద. నువ్వు పోతే నన్నెవరు చూస్తరురా అన్నది."

ఆరేళ్ళు చూసిన. పొద్దున ఐదున్నరకు వేడినీళ్ళు. రెండు పూటలా పక్క మార్చుడు. వీపుకు పుండ్లు పడకుండా పౌడరు. ఒక్క పుండు పడలేదు, డాక్టరే మెచ్చుకున్నడు.

"అమ్మ పోయినంక చెప్పాల్సింది వదినా. ప్రతి నది కాడ చెబుదామనుకున్న. నువ్వు కండ్లు మూసుకొని మునుగుతుంటే నోరు రాలేదు. అబద్ధం ఎన్నేండ్లన్న మోస్త. కని బతికున్న అన్నకు నా చేతులతోని పిండం ఎట్ల పెట్టాలె?"

అది విని నాకు కోపం రాలేదు. అర్థమయింది కూడా. తెలిసీ ఎనిమిదేళ్ళు నన్ను నీళ్ళల్లో ముంచి తీసిన్రు, అది చేయగలిగిన్రు. ఇది చేయలేకపోయిన్రు.

లేచి మూడు ముద్దలూ నేనే తీసుకున్న. నీళ్ళ దగ్గరికి పోతుంటే గుండయ్య "అమ్మా, అమ్మా" అని వెనక ఉరికొచ్చిండు, దూకుతనేమో అనుకొని. మూడింటినీ నీళ్ళల్లో వదిలేసిన. ఎవరి పేరూ చెప్పలేదు. ముద్దలు ఒక క్షణం తేలి, మంచు అంచు తగిలి, పోయినయి.

సుగుణమ్మ తన శాలువా తెచ్చి నా మీద కప్పింది. ఏం అయిందని అడగలేదు. "మునగకు పిల్లా" అని మాత్రం అన్నది.

"మునగను" అన్న. ఒక రాయి మీద కూర్చున్న.

అప్పుడు చూసిన. సింధు ఆకుపచ్చగా ఉంది, లేత గోరింటాకు నూరినట్టు. జంస్కార్ నీలం. కలిసినాక కొంత దూరం ఎవరి రంగు వాళ్ళదే. గోడల మీద ఎండ సగం దాకా దిగి ఆగింది. ఆ సగం పసుపు, కింద సగం నీడ. ఎంత పైకి చూసినా గోడ. ఈ చిన్న నదే ఇంత రాయిని కోసుకుంటూ పోయిందని డ్రైవర్ చెప్పిండు. ఎన్నేళ్ళు పట్టిందని అడిగిన. "పతా నహీ ఆంటీజీ" అన్నడు, తెలియదని.

పదకొండు నదులు తిరిగిన. డైరీలో టైము ఉంది, మునకలు ఉన్నయి. ఏ ఒక్క నది రంగూ లేదు. ప్రతిచోటా కండ్లు మూసుకొని ఒకటే అడిగిన.

వ్యాన్ ఎక్కినాక మెషీన్ వేలికి పెట్టుకున్న. 91. నా లెక్కలన్నిటికన్నా ఎక్కువ. మెషీన్ మంచిగనే ఉంది.

2021 సింధు. మునకలు: సున్నా.

నవంబర్ 26, శుక్రవారం. ఢిల్లీ

ఎయిర్‌పోర్టులో రవీందర్ ఎదురుగా నిలబడ్డడు. "తిట్టు వదినా. చెప్పుతోని కొట్టు."

"బీపీ గోలి ఏసుకున్నవా?"

లేదన్నడు. ఇచ్చిన. అలవాటు.

నవంబర్ 28, ఆదివారం. ఇల్లు

పాత డైరీలు దించిన. రవీందర్ చెప్పింది సరిగ్గా ఏ రోజో చూడాలని.

2013 ఆగస్టు 1, గురువారం. నా రాతే. "అత్తమ్మ ఇవాళ ఏడవలేదు. చాయ్‌లో చక్కెర ఎక్కువ వెయ్యమన్నది. రెండుసార్లు అన్నం తిన్నది. నా మొక్కు పని చేస్తున్నట్టుంది."

2018 అక్టోబర్ 12. "భీమా పుష్కరానికి పండరీపురం అనుకున్నం. రవీందర్ బస్సు దొరకలేదన్నడు. తంగిడికి పోయినం. దారిలో రవీందర్ నాకు రెండు కొబ్బరిబోండాలు కొట్టించిండు. మంచి పిల్లగాడు."

2019, అత్తమ్మ పోయే ముందు వారం. "అత్తమ్మ నా చెయ్యి పట్టుకొని పాపం చేసిన బిడ్డా అన్నది. మందుల మత్తు."

అన్నీ రాసిన. ఒక్కటీ చదవలేదు.

పాల డబ్బాలు కడిగి బోర్లించి పోయిండు. ఎవరో ఎత్తుకుపోతే డబ్బాలు కడగనిస్తరా? పోలీసుకు ఒక్క నిమిషంలో తోచింది.

నవంబర్ 29, సోమవారం

డైరీలు మళ్ళీ పైన పెట్టిన. చూసినంత చాలు.

రవీందర్ ఇంకోటి చెప్పిండు, మెట్ల మీద నిలబడి. ఆయన పెద్ద బిడ్డ పేరు ఆండాలు. అమ్మ పేరు పెట్టుకున్నడట.

నవంబర్ 30, మంగళవారం

వర్షితకు చెప్పిన. తండ్రి పోయినప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. కాలేజీ సంచీ భుజం నుంచి తీయకుండనే విన్నది.

"బతికే ఉన్నడా?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లు అవునన్న.

"స్కూల్ల ఫారం ఇచ్చినప్పుడల్ల నాన్న పేరు ముందల లేట్ అని రాయాల్నా వద్దా అని నిన్ను అడిగేదాన్ని. నువ్వు ఖాళీగ వదిలెయ్యమనేదానివి."

"అవును."

"నీకు తెలుసా అప్పుడే?"

"లేదు."

నా ముఖం చాలాసేపు చూసింది. నమ్మిందో లేదో. నేను కూడా ఆ మాట ఎంత నిజమో చూసుకుంటున్న. తెలియదు, అది నిజం. తెలుసుకోలేదు, అది కూడా నిజం.

రవీందర్ రాసిచ్చిన నంబర్ దానికి ఇచ్చిన. "మాట్లాడితే మాట్లాడు. పోయి చూస్తనంటే చూడు. నీ తండ్రి. నేను ఆపను, నేను రాను."

"నువ్వేం అడగవా ఆయనను?"

ఏం అడగాలె? రామ్‌చందర్, నువ్వెందుకు పోయినవు అనా? జవాబు వచ్చినా, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలె నేను?

పేరు రాసిన. చెయ్యి ఆగలేదు.

డిసెంబర్ 2, గురువారం

సుగుణమ్మ ఫోన్ చేసింది. ఏప్రిల్‌లో ప్రాణహితకు బస్సు మాట్లాడుతున్నదట. "నీ పన్నెండు అయిపోయినయి కద, ఇంక రావేమో అనుకున్న" అన్నది.

"వస్త" అన్న.

"ఇంకేం మొక్కున్నది పిల్లా నీకు?"

"మొక్కేం లేదు టీచరమ్మా. 2010ల పోయిన గని దాన్ని చూడలేదు."

డిసెంబర్ 4, శనివారం

పొద్దున స్నానం చేసి అద్దం ముందు కూర్చున్న. పుస్తెల దారం కొత్తదే, దసరాకు మార్చింది. చిన్న కత్తెరతో కోసిన. అత్తింటి పుస్తె తీసి స్టీలు డబ్బాలో పెట్టిన. పుట్టింటి పుస్తె, నల్లపూసలు మళ్ళీ దారానికి ఎక్కించి ముడి వేసి మెడలో వేసుకున్న. బొట్టు పెట్టుకున్న. మా అమ్మ చిన్నప్పుడు పెట్టిన అలవాటు అది, రామ్‌చందర్ తెచ్చింది కాదు.

మట్టెలు అత్తింటోళ్ళు పెట్టినవే. అవి కూడా తీసి డబ్బాలో వేసిన.

పైకి పోయిన. రవీందర్ పాల సెంటర్ నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నడు. డబ్బా చేతిలో పెట్టిన.

మూత తీసి చూసి, "ఇదేంది వదినా?" అన్నడు.

"మీ ఇంటివి. మీ అమ్మ పెట్టినవి. మీ అన్నకే ఇస్తవో, ఆమె పేరు పెట్టుకున్న పిల్లకే ఇస్తవో, నీ ఇష్టం."

"వదినా..."

"డబ్బా నాది. ఖాళీ చేసి ఇయ్యి."

చేసి ఇచ్చిండు.

డిసెంబర్ 5, ఆదివారం

కొమురమ్మ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి నా నుదురు చూసింది, మెడ చూసింది, కాళ్ళు చూసింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తలుపు పట్టుకున్నది.

"కర్మ అయిందా యశోదా?"

"అయింది."

"మరి బొట్టున్నదేందే? మెడల పుస్తె... ఒక్కటే ఉన్నది?"

"ఇది మా అమ్మోళ్ళు పెట్టింది."

"ఇంకోటి?"

"ఎవరిది వాళ్ళకిచ్చిన."

ఇంకా ఏదో అడగబోయింది. చివరికి ఇంట్లో చక్కెర నిండుకున్నదని, ఒక గ్లాసెడు ఉంటే ఇమ్మన్నది. ఇచ్చిన.

స్టీలు డబ్బా కడిగి, ఎండకు పెట్టి, లవంగాలు పోసిన. చీటీ అంటించిన: లవంగాలు.